ఎనిమిది బోల్టులు

మూత పడ్డ 41వ రోజు

మనిషి ఒకటి చెప్పి కాంటా మరొకటి చెప్పినప్పుడు ఎవరి మాట రాసుకోవాలి? పదకొండేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. అప్పట్లో దానయ్య అనే పంపు కార్మికుడు నా ఎదురుగా కూర్చుని "దమ్మాడుతలేదు సిస్టర్" అన్నాడు. తెర మీద గీత ఆకుపచ్చగా ఉంది. నేను గీతనే రాసుకున్నాను. మూడో రోజు దానయ్య పోయాడు. గీత అప్పటికీ ఆకుపచ్చగానే ఉంది.

ఆ తర్వాత ఈ కాగితం పుస్తకం పెట్టుకున్నాను. రోగుల అంకెలు చూసి మందులు విడుదల చేసే క్లినిక్ యంత్రం, నాడి, దీన్ని చదవలేదు.

ఇవాళ పొద్దున సైరన్ మోగాక క్లినిక్ తుడిచి, సూదులు ఉడకబెట్టి, చేతులు కడుక్కునే నీళ్లు కొలిచి పెట్టుకున్నాను. మొదట వచ్చింది ఓదెమ్మ. అరవై ఒక్కేళ్లు, పుట్టగొడుగుల గ్యాలరీలో పని. దగ్గు అంది. చీరకుచ్చెళ్లు పైకి జరిపి మడమ పైన వేలితో నొక్కాను. గుంట పడింది, చాలాసేపటిదాకా పూడలేదు.

"కాళ్లెప్పటి నుంచి ఉబ్బినయ్ ఓదవ్వా?"

"పొద్దంత నిలవడే పని గద సిస్టరమ్మా. నీ కాళ్లు సుత ఉబ్బినయ్, సూస్కో."

నిజమే, నావీ ఉబ్బాయి. కానీ నా గుంట వెంటనే పూడింది.

వీపు మీద స్టెతస్కోప్ పెడితే ఊపిరితిత్తుల అడుగున చిన్నగా చిటపటలు. తెర చూశాను. ఇరవై రోజులుగా ఆమె బరువు యాభై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. స్కేలు పెట్టి గీసినట్టుంది. నాడి ఒకే మాట చూపించింది: స్థిరం.

మధ్యాహ్నం పైనున్న ఆసుపత్రి నుంచి డాక్టర్ నిశాంత్ లైన్లోకి వచ్చారు. "బూజు ఊపిరి సిస్టర్. పుట్టగొడుగుల దగ్గర పనిచేసేవాళ్లకి ఇంకేం వస్తుంది? పీల్చే మందివ్వండి."

"కాళ్లకి నీరుంది సార్. రెండేళ్ల కింద ఆమెకి ఛాతీలో నొప్పొచ్చింది. గ్యాస్ అని ఊరుకున్నారు. అప్పుడే గుండె దెబ్బతిందేమో."

"గుండె నీరు తోడలేకపోతే బరువు పెరగాలి కదా. ఒక్క గ్రాము పెరగలేదు."

ఆయన అన్నదానిలో తప్పు లేదు. పీల్చే మందిచ్చి పంపాను. చిరాకంతా సూదుల గిన్నె మీద చూపించాను.

44వ రోజు

చల్లగనిలో మనుషుల్ని తూచే కాంటాలన్నీ నీళ్ల హాల్లోనే ఉంటాయి. క్లినిక్‌కు ఒక్కటీ లేదు. పైన నేల కాలే ఈ నాలుగు నెలలూ గని నోటికి మూత వేసి ఉంటుంది. కింద ఉన్న నీళ్లను కిలో బరువుకు నలభై మిల్లీలీటర్ల లెక్కన పంచుతారు. పొద్దున్నే అందరూ కాంటా ఎక్కుతారు, ఆ బరువే నీళ్ల చిట్టీ. అదే అంకె నాడికి చేరుతుంది, వైద్యానికీ అదే.

రొండిన ఇంత ఇనుము దోపుకోనివాళ్లు ఈ ఊళ్లో తక్కువ. అది అందరికీ తెలుసు. కాంటా దగ్గర కూర్చునే కనకలక్ష్మికి మరీ బాగా తెలుసు. ఇవాళ ఒకాయన కాంటా దిగుతుంటే "పొద్దుగాల్నే పట్టాలు తిన్నవా మామా? అరుగుతయా?" అంది. వరస మొత్తం నవ్వింది. వారంలో ఒక కిలో దాటి పెరిగితేనే ఆమె ఒళ్లు తడిమి చూడాలి, రూలు అది. దొరికితే మూత తీసేదాకా ఆ ఇంటి నీళ్లు సగం.

మొదట్లో ఇది నన్ను కలవరపెట్టేది. తర్వాత ఒక లెక్కతో సర్ది చెప్పుకున్నాను. మనిషి రోజూ ఒకే ఇనుము మోస్తే అంకె తప్పైనా తేడా తప్పు కాదు. గుండె రోగం పట్టుకోవడానికి కావలసింది బరువు కాదు, బరువులో తేడా.

సాయంత్రం షిఫ్ట్‌కి ముందు ఓదెమ్మ ఇంటికి వెళ్లాను. బొగ్గు గోడను తొలిచి కట్టిన ఒంటి గది. కూతురు రజిత నెలన్నర బాలింత. ఊయల ఊపుతూనే మాట్లాడింది.

"అమ్మ పండుతలేదు సిస్టర్. గోడకానుకొని కూసుండే కన్ను మూస్తది. పండుకుంటే ముంచినట్టయితదట."

ఓదెమ్మ కూతురి మీద కసిరింది. "నిన్నెవలడిగిండ్రే? పిల్లగాడు ఏడుస్తుంటె ఎవలు పండుకుంటరు?"

మెడ పక్కన నరం చూశాను. కూర్చున్నా చెవి కిందిదాకా ఉబ్బి కొట్టుకుంటోంది. ఇక నాకు రోగం పేరు తెలుసు. రుజువే లేదు. లేచేటప్పుడు గోడ గూట్లో, దీపం పక్కన, పాత పట్టాల బోల్టులు రెండు నిలబెట్టి కనిపించాయి. పట్టించుకోలేదు.

47వ రోజు

గుండె స్కాన్ పరికరం నా బల్ల సొరుగులోనే ఉంది, అరచేతిలో పట్టేంత. నాడి పసుపు రంగుకు రానిదే అది తెరుచుకోదు. డాక్టర్ అడిగినా కారణం చూపాలి, నాడికి కారణమంటే అంకె. నా పోరు పడలేక నిశాంత్ ఇవాళ అడిగారు. తిరస్కరించింది: బరువు స్థిరం, ఆక్సిజన్ తగ్గడానికి బూజు ఊపిరి చాలు.

"చూశారుగా," అన్నారు. ఆయన గొంతులోనూ విసుగే.

"మెడ నరం చూశాను సార్. చిటపటలు విన్నాను. ఆమె కూర్చుని నిద్రపోతోంది. నీళ్ల హాలుకి అరవై రెండు మెట్లు. పోయిన నెల ఒక్కసారీ ఆగేది కాదు. నిన్న నాలుగుసార్లు ఆగింది, లెక్కపెట్టాను."

"నేను మిమ్మల్ని నమ్ముతాను సిస్టర్. నా నమ్మకంతో ఇంజెక్షన్ విడుదల కాదు."

నన్ను నమ్మడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగని ఉద్యోగం ఇది. పైన యూనివర్సిటీలో ఆరేళ్లు చదివింది చూపునూ చెవినీ వేలినీ పదును పెట్టుకోవడానికే. ఇప్పుడు ఆ మూడూ కాంటా ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఒకవేళ నేనే తప్పేమో? దానయ్య భయంతో ప్రతి దగ్గులోనూ గుండెనే వింటున్నానేమో? అదీ అనుకున్నాను.

మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ఉప్పు తగ్గించమని చెప్పాను. ఓదెమ్మ తొక్కు జాడీని కొంగు చాటుకు లాక్కుంది. "ఉప్పు లేకుంటె బువ్వెట్ల పోతది బిడ్డా? అసలే తినబుద్ధి అయితలేదు. తినకున్నా లావెక్కుతున్న, సూడు. జాకెట్ పడ్తలేదు."

వినీ విననట్టు రాసుకున్నాను: 'ఆకలి లేదు. జాకెట్ బిగుతు.' గూట్లో బోల్టులు ఐదున్నాయి.

50వ రోజు

పుట్టగొడుగుల గ్యాలరీలో కూలబడిందని కబురొస్తే పరిగెత్తాను. పెదాలు నీలం. కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, ఇద్దరి సాయంతో ఇంటికి చేర్చాను. క్లినిక్‌లో పడుకోబెట్టాలన్నా నాడి రంగు మారాలి. మారలేదు. ఈ పొద్దున కాంటా: యాభై నాలుగు కిలోల రెండు వందలు.

గోడకు ఆనించి కూర్చోబెట్టాక గూడు చూశాను. ఎనిమిది. సిపాయిల్లా వరసగా నిలబడ్డాయి. మొదటిసారి రెండు, తర్వాత ఐదు, ఇవాళ ఎనిమిది. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అర కిలో ఉంటుంది.

"ఓదవ్వా, ఇవన్నీ నీ రొండివేనా?"

రజిత ఏడవడం మొదలుపెట్టింది. "నా కోసమే సిస్టర్. పాలు సరిపోతలేవని. ఎనిమిది పెట్టుకుంటె ఒక గిలాసకు తక్కువ నీళ్లెక్కువొస్తయ్. అంతే."

"మరి తీసేశారెందుకు?"

ఓదెమ్మ ఆగి ఆగి చెప్పింది. "లావయితున్న గద. అంకె పెరిగితె కనకలక్ష్మి తడుముతది. అందుకే పెరిగినప్పుడల్లా ఒక్కొక్కటి తీసిన. పొద్దుగాల హాలుకు పోకముందే గ్యాలరీల పుట్టగొడుగుల మూటలు తూసే కాంటా ఎక్కి సూస్కునేదాన్ని. గీత తప్పనియ్యలే."

గీత తప్పనియ్యలేదు. ఒంట్లో చేరిన ప్రతి అర కిలో నీటికీ అర కిలో ఇనుము దించి, ఎక్కడా తొణక్కుండా, నాడి కళ్లు కప్పింది ఈమె. నాలుగు కిలోల నీరు! డాక్టర్, నేను, యంత్రం చూసింది ఆమె గుండెను కాదు, ఆమె జాగ్రత్తను. ఎదురుగానే ఉన్న బోల్టుల్ని మూడుసార్లు చూసి కూడా లెక్క కట్టలేని నా మీద నాకే మండింది.

"అంకె తప్పని రాస్తాను. అప్పుడు మందొస్తుంది," అన్నాను.

"కారణం రాస్తవా?"

"రాయకపోతే సరిదిద్దదు."

"రాస్తె నీళ్లు సగమైతయ్. డెబ్బయి రోజులు. దీని పాలెండిపోతయ్." ఊపిరి అందక ఆగింది. "వద్దు. అయ్యేదయితది. నువ్వు రాస్తె, కాంటా సక్కగనే ఉండె, సిస్టరే అబద్ధమాడుతుందని నలుగుర్ల చెప్త."

"చస్తావే అమ్మా!" రజిత గట్టిగా అరిచింది. ఊయల్లో పిల్లాడు ఉలిక్కిపడ్డాడు.

నేనూ అరిచాను. ఏమన్నానో రాయబుద్ధి కావడం లేదు. ముసలిది వెటకారంగా బోల్టుల వైపు చెయ్యి చూపింది. "మరేం జెయ్యమంటవ్? మల్ల అన్ని దోపుకొమ్మంటవా?"

నలభై నాలుగో రోజు నేనే రాసుకున్న లెక్క గుర్తొచ్చింది. అంకె తప్పైనా ఫరవాలేదు, తేడా నిజమైతే చాలు.

51వ రోజు

మధ్యాహ్నం వేళ, నీళ్ల హాల్లో వరస పలచబడ్డాక, ఓదెమ్మను కుర్చీలో మోయించి తీసుకెళ్లాను. ఎనిమిది బోల్టులూ ఆమె రొండిన ఉన్నాయి. నా చేతులతో నేనే కట్టాను.

కాంటా ఎక్కించాం. యాభై ఎనిమిది కిలోల రెండు వందలు.

నాడి ఎర్రబడింది. హాల్లో గంట మోగింది. రూలు ప్రకారం కనకలక్ష్మి లేచి వచ్చింది. ఓదెమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. ఇనుము మీదే పెట్టింది, నేను చూస్తూనే ఉన్నాను. ఆ చెయ్యి అక్కడే ఆగింది. కనకలక్ష్మి ఓదెమ్మ పెదాలు చూసింది, కాళ్లు చూసింది, తర్వాత నన్ను.

"ఏం లేదు. ఒళ్లంత నీరే," అని వేలిముద్ర వేసింది. నా పక్కకొచ్చి చెవిలో, "ఇనుం గిట్ల సుత పనికొస్తదని ఇన్నేండ్లల్ల నాకెవలు చెప్పలే సిస్టరూ" అంది. నవ్వలేదు.

తర్వాతంతా చకచకా జరిగింది. స్కాన్ తెరుచుకుంది. గుండె ఎడమ గది సంచిలా సాగిపోయి, బద్ధకంగా ముడుచుకుంటోంది. కొట్టుకున్న ప్రతిసారీ లోపలున్న రక్తంలో సగానికి పైగా బయటికి నెట్టాలి. ఆమె గుండె నూటికి ఇరవై ఎనిమిది పాళ్లే నెడుతోంది. తెర మీద నిశాంత్ కూడా చూశారు.

"క్షమించండి సిస్టర్. పీల్చే మందు ఆపేయండి. నీరు తీసే ఇంజెక్షన్ ఇప్పుడే ఇవ్వండి, గంటగంటకూ మూత్రం కొలవండి."

మూత్రం కూడా శుద్ధై తిరిగి తాగునీరయ్యే ఊరిది, కొలవడం మాకు బాగానే వచ్చు. సాయంత్రానికి బకెట్ అడుగున లీటరున్నర. ఓదెమ్మ ఊపిరి తేలికపడి కళ్లు తెరిచింది. "గిలాసెడు గిలాసెడు ఎత్కపోయిన నీళ్లన్ని ఒక్క దినంల ఊరికి తిరిగిచ్చినట్టేనా? పాపం గీపం ఉంటె పోయినట్టే."

ఈ పది రోజుల్లో మొదటిసారి నవ్వాను.

58వ రోజు

నాలుగు కిలోలూ దిగాయి. నీటి మాత్ర రోజుకు రెండు. గుండెకు బలమిచ్చే మాత్రలు మొదలుపెట్టాం, కొద్దికొద్దిగా. నిలబెట్టి బీపీ చూడటం, మూడు రోజులకోసారి రక్తంలో పొటాషియం. తొక్కు జాడీ క్లినిక్ బీరువాలో తాళం వేశాను. ఆమె వచ్చినప్పుడల్లా బీరువాను తిడుతుంది.

కానీ గుండె రోగం నమోదు కాగానే నాడి ఆమె నీటిని లీటరున్నరకు కోసింది. వైద్యం ప్రకారం అది సబబే, ఎక్కువ తాగకూడదు. మిగిలిన అరలీటరుకు పైన నీళ్లు రజితకు ఇవ్వొచ్చు కదా? ఇవ్వదు, ట్యాంకుకు పోతాయి. దరఖాస్తు పెట్టాను, జవాబు రాలేదు. రోజూ క్లినిక్ నీళ్లలో ఒక గ్లాసు రజితకు ఇస్తున్నాను. ఆ మేరకు చేతులు ఒకసారి తక్కువ కడుక్కుంటున్నాను. ఏ రోగికి ఏం అంటిస్తానో తెలియదు.

ఇంకొకటి. నీరు దిగాక ఆమె ఉండాల్సిన బరువని నాడి యాభై నాలుగు కిలోల రెండు వందలు రాసుకుంది. అందులో నాలుగు కిలోలు బోల్టులు. అంటే ఆమె రోజూ ఇనుముతోనే కాంటా ఎక్కాలి. చెప్పాను. తలూపింది.

67వ రోజు

జ్వరంతో రెండు రోజులు లేవలేదు. లేచి చూస్తే ఓదెమ్మకు మళ్లీ ఆయాసం. ఆ రెండు రోజులూ కాంటా మీద కిలోన్నర తగ్గింది. ఒళ్లు ఎండిపోతోందనుకుని నాడి నీటి మాత్ర ఆపేసింది.

"బోల్టులు ఎన్ని పెట్టుకున్నవ్?"

"ఐదు. నడుం గుంజుతుంది. ఇప్పుడు నీళ్లెక్కువ వస్తలేవు గద సిస్టరమ్మా. దొంగతనానికి మోసిన, సరే. ఇప్పుడు దేనికి మోసుడు?"

దేనికో మళ్లీ చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు: నిజం నిలవాలంటే నువ్వు అబద్ధం మొయ్యాలి ఓదవ్వా, గుండె జబ్బుతో, అరవై రెండు మెట్లు. మాత్రను తిరిగి మొదలుపెట్టించడానికి నిశాంత్‌తో సగం పూట వాదన. బరువు ఎందుకు ఊగిందని ఆయన అడిగారు. కాంటా తడిసిందన్నాను.

70వ రోజు

కనకలక్ష్మి ఒక రేకు డబ్బా తెచ్చి తన స్టూలు కింద పెట్టింది. బోల్టులు ఇప్పుడు అందులో ఉంటాయి. ఓదెమ్మ ఉత్త చేతులతో మెట్లెక్కి వస్తుంది. కాంటా ఎక్కే ముందు కనకలక్ష్మి ఎనిమిదీ లెక్కపెట్టి ఆమె ఒళ్లో పోస్తుంది. "నీ సొమ్ములక్కా, పెట్టుకో" అంటుంది. వరసలో వాళ్లు మొహాలు తిప్పుకుంటారు.

96వ రోజు

ఓదెమ్మ పడుకుని నిద్రపోతోంది, రెండు దిండ్లతో. మెట్ల మీద ఒక్కసారే ఆగుతోంది. మొన్న చేసిన స్కాన్‌లో ముప్పై మూడు. ఇంకా తక్కువే, కానీ పెరిగింది. రజిత పాలు తగ్గాయి, పిల్లాడి బరువు వారంలో పెరగాల్సినంత పెరగలేదు. ఆ అంకె నిజమైనదే, వాడి మొలకు ఇనుము లేదు.

120వ రోజు మూత తీస్తారు. నా వంతు అయిపోతుంది, కొత్త సిస్టర్ దిగుతుంది. పేరు స్రవంతి, ఇరవై ఆరేళ్లట, నియమం తప్పదట. ఓదెమ్మ బాధ్యత ఆమెకు అప్పగించాలి. బోల్టుల సంగతి చెప్పకపోతే, కనకలక్ష్మి సెలవు పెట్టిన ఏదో ఒక రోజు ఓదెమ్మ ఖాళీ నడుంతో కాంటా ఎక్కుతుంది, మాత్ర ఆగిపోతుంది, ఎందుకో స్రవంతికి అర్థం కాదు. నాకు దానయ్యలా, ఆమెకు ఓదెమ్మ మిగులుతుంది. చెబితే, ఆమె రూలు ప్రకారం రాస్తుంది. వచ్చే మూతకాలమంతా ఆ ఇంటి నీళ్లు సగమవుతాయి, ఆ మచ్చ పోదు. అబద్ధపు వేలిముద్ర వేసినందుకు కనకలక్ష్మి ఉద్యోగం కూడా.

ఓదెమ్మనే అడిగాను. "చెప్పుకో, చెప్పకో. నేనైతె మొన్ననే పోవాల్సినదాన్ని" అని పిల్లాడి ముక్కు తుడిచింది. అదీ జవాబేనా?

ఈ పుస్తకం స్రవంతి బల్ల మీద పెట్టి వెళ్లాలా, సంచిలో వేసుకుని పైకి తీసుకుపోవాలా? ఇరవై నాలుగు రోజులున్నాయి. నాకింకా తేలలేదు. తేలుతుందని కూడా అనిపించడం లేదు.

ఇవాళ కాంటా: యాభై నాలుగు కిలోల వంద. అందులో ఓదెమ్మ ఎంతో నాకు తెలుసు.